చోటు కాని చోట పుట్టే కణితులు

కేన్సర్ అనగానే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు, ఊపిరితిత్తులు, పెద్దపేగు వంటి కొన్ని అవయవాలే గుర్తుకు రావడం సహజం. ఎక్కువమందికి జబ్బు వచ్చేది అక్కడే, పరీక్షా శిబిరాలలో వెతికేదీ అక్కడే. అయితే గోరు కింద, బొడ్డులో, అరికాలి మీద, నడుము దగ్గర బట్ట బిగించి కట్టే గీత మీద, తోక ఎముక పక్కన, నోటి పైకప్పు మీద కూడా కణితులు పుడతాయి. అలాంటిది బయటపడినప్పుడు పత్రికలు దానిని వింతగా చూపిస్తాయి, వైద్యులు అరుదైన కేసుగా నమోదు చేసుకుంటారు, ఇంట్లోవాళ్లు దిష్టి అనో కర్మ అనో సరిపెట్టుకుంటారు. వీటన్నిటిలోనూ అడగవలసిన అసలు ప్రశ్న జారిపోతుంది. ఒంట్లో అంత చోటు ఉండగా ఆ కణితి అక్కడే ఎందుకు పుట్టింది?

ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు దొరుకుతుంది. కణితి శూన్యంలోంచి పుట్టదు, అది ఏదో ఒక కణం నుంచి మొదలై పెరుగుతుంది. కాబట్టి అనుకోని చోట కణితి కనిపించిందంటే, ఆ చోట అలాంటి కణాలు మొదటినుంచీ ఉన్నాయన్నా కావాలి, పిండదశలో దారితప్పి మిగిలిపోయినవన్నా కావాలి, మరో అవయవంలోని కేన్సర్ నుంచి రక్తంలోనో శోషరసంలోనో కొట్టుకువచ్చినవన్నా కావాలి. ఇవేవీ కానప్పుడు, ఆ చోటును బయటినుంచి ఏదో ఒకటి ఏళ్ల తరబడి గాయపరుస్తూ ఉండి ఉండాలి. అంటే కణితి ఉన్న చోటే ఒక సాక్ష్యం. దాన్ని చదవగలిగితే రోగనిర్ధారణ సగం అయినట్టే. చదవకుండా వదిలేస్తే పుండుకు పూత మందు, నొప్పికి మాత్ర రాసుకుంటూ నెలలూ సంవత్సరాలూ గడిచిపోతాయి.

బయటి కారణం చోటును నిర్ణయించడం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను తిరగేసి కాల్చే అలవాటు తరతరాలుగా ఉంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, తడి పెదవుల మధ్యనుంచి పొగను లాగి వదులుతారు. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికి నిప్పు ఆరిపోదని, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయని, బూడిద గుడిసెలో రాలదని, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుందని దీనికి కారణాలు చెబుతారు. అమ్మనో అత్తనో చూసి నేర్చుకున్న ఆడపిల్లకు అది తప్పుగా తోచే అవకాశమే లేదు. పైగా పురుషుల పొగతాగుడు బజారులో అందరికీ కనిపిస్తుంది. అడ్డపొగలో నిప్పు నోటి లోపలే ఉంటుంది కనుక బయటివారి దృష్టి దానిమీద పడేది తక్కువ.

నిప్పు నోట్లో ఉన్నప్పుడు వేడి, పొగ, తారు నేరుగా తగిలేది అంగిలికి, అందులోనూ ఎముక మీద బిగువుగా పరుచుకున్న గట్టి అంగిలికి. ఆ పొర మొదట తెల్లబారి మందమవుతుంది. లాలాజలం స్రవించే చిన్న గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా తేలతాయి. కొన్నిచోట్ల రంగు నల్లబడుతుంది, కొన్నిచోట్ల ఉన్న రంగు పోతుంది. కొందరిలో ఎర్రటి మచ్చలు, పుండ్లు ఏర్పడి చివరికి అవి కేన్సరుగా మారతాయి. డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా బృందం కలిసి ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో ఆ ఫలితాలను ప్రచురించారు. అంగిలి మీది మార్పులకూ అడ్డపొగకూ ఉన్న బంధం ఆ అధ్యయనంలో స్పష్టంగా కనిపించింది. ఊరూరూ తిరిగి, మామూలు మనుషుల నోళ్లు ఓపికగా చూసి తయారుచేసిన ఆ లెక్కకు ప్రపంచ వైద్య సాహిత్యంలో ఈనాటికీ గౌరవం ఉంది. ఎవరి నోళ్లు చూసి అది రాశారో ఆ జిల్లాలలో దాన్ని గుర్తుచేసేవారు తక్కువ కావడం బాధ కలిగించే విషయం.

ఇక్కడ అరుదు అన్న మాటకు ఉన్న పరిమితి కూడా అర్థమవుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల గట్టి అంగిలి మీద మామూలు పొలుసు కణాల కేన్సర్, అంటే నోటి పై పొర కణాల నుంచి పుట్టే రకం, రావడం అరుదు. అక్కడ కణితి కనిపిస్తే వైద్యులు ముందుగా అనుమానించేది ఆ పొర కింద ఉండే చిన్న లాలాజల గ్రంథులను. ఖైనీ, గుట్కా వంటివి బుగ్గలోనో చిగురు పక్కనో దాచుకునే అలవాటు వల్ల భారతదేశంలో నోటి కేన్సర్లు ఎక్కువగా బుగ్గ లోపలి పొరలో, చిగుళ్ల దగ్గర వస్తాయి. అడ్డపొగ ఉన్న తీరప్రాంతంలో మాత్రం అంగిలి కేన్సరు వైద్యుడికి తెలిసిన జబ్బే. ఒక ఊళ్లో అరుదైనది మరో ఊళ్లో రోజూ కనిపించేది కావచ్చు, రెండు ఊళ్ల మనుషుల శరీరం ఒకటే అయినా. తేడా అంతా అలవాటులో ఉంది. అందుకే హైదరాబాదుకో బెంగళూరుకో కొడుకు దగ్గరికి వచ్చిన ఉత్తరాంధ్ర వృద్ధురాలి అంగిలి మీద పుండు చూసిన వైద్యుడు, పొగ తాగుతారా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఎలా తాగుతారు అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న అడగకపోతే ఆమె తనంతట తానుగా చెప్పదు.

ఇలా అలవాటు గీసిన గీత మీద పుట్టే కేన్సర్లు మరికొన్ని ఉన్నాయి. కశ్మీరులో చలికాలంలో మట్టికుండను అల్లికబుట్టలో పెట్టి, బొగ్గుల నిప్పు వేసి, ఫెరన్ అనే పొడవాటి చొక్కా లోపల పొట్టకూ తొడలకూ ఆనించుకుంటారు. కాంగ్‌డీ అనే ఆ కుంపటి వేడికి ఏళ్ల తరబడి కమిలిన చర్మంపై మొదట వలలాంటి గోధుమరంగు చారలు పడతాయి, కొందరిలో దశాబ్దాల తరువాత అక్కడే చర్మ కేన్సర్ వస్తుంది. పొట్ట మీద, తొడల లోపలివైపు చర్మ కేన్సర్ రావడం మిగతా ప్రపంచంలో వినడమే కష్టం. ఎల్మ్‌స్లీ అనే మిషనరీ వైద్యుడు 1866లోనే దీన్ని వర్ణించాడు, తరువాత శ్రీనగర్‌లోని మిషన్ ఆసుపత్రి వైద్యులు ఎన్నో కేసులకు శస్త్రచికిత్స చేశారు. అంతకు ముందే 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చే కుర్రవాళ్లకు పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద వచ్చే పుండుకు చర్మపు ముడతల్లో చేరిన మసి కారణమని రాశాడు. ఒక వృత్తికీ ఒక కేన్సరుకూ ఉన్న సంబంధాన్ని చూపిన తొలి రచనగా దానికి పేరు. చోటును పట్టుకునే పాట్ కారణం దాకా వెళ్లగలిగాడు. మసిలో ఏ రసాయనం ఉందో ఆనాడు ఎవరికీ తెలియదు. కుందేళ్ల చెవులకు తారు పూసి కేన్సరు పుట్టించగలిగామని జపాన్ శాస్త్రవేత్తలు యమగీవా, ఇచికావా చూపించేసరికి 1915 వచ్చింది.

నడుము మీది కేన్సరు విషయం కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి రోగనిదాన నిపుణుడు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ప్రచురించిన వ్యాసంలో, మనుషుల వాడుకలకు ముడిపడిన కేన్సర్ల గురించి రాస్తూ, ధోవతిని నడుముకు బిగించి కట్టే చోట వచ్చే చర్మ కేన్సరును వర్ణించారు. ఆ తరువాత చీర కట్టే స్త్రీలలో లంగా బొందు బిగిసే చోట అలాంటి కేసులు అక్కడొకటి ఇక్కడొకటి నమోదయ్యాయి. 2024లో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు బీఎంజే కేస్ రిపోర్ట్స్ పత్రికలో ఇద్దరు వృద్ధ మహిళల కేసులు ప్రచురించినప్పుడు, చీర కడితే కేన్సరు వస్తుందన్న ధోరణిలో వార్తలు చుట్టుముట్టాయి. నిజానికి ఆ వైద్యులు వేలెత్తి చూపింది చీరను కాదు, నడుములోకి దిగిపోయేలా బొందును బిగించి కట్టడాన్ని. అది కూడా ఏళ్ల తరబడి అదే చోట ఒరిపిడి తగిలి, చర్మం రంగు మారి, పొలుసులు లేచి, పుండు పడి, ఆ పుండు మానకుండా నిలిచిపోయినప్పటి మాట. కోట్ల మంది స్త్రీలు చీర కడుతున్నారు. నడుము మీద నల్లటి చార, దురద చాలామందికి ఉంటాయి, కేన్సరు మాత్రం బహు కొద్దిమందికే వస్తుంది. బొందుకు బదులు వెడల్పాటి పట్టీ వాడడం, ముడి వేసే చోటు మారుస్తూ ఉండడం, ఒరిసిన చోట చర్మం మానేదాకా వదులు బట్టలు వేసుకోవడం సరిపోతాయి. నెల దాటినా మానని పుండును మాత్రం చర్మవైద్యుడికి చూపించి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించుకోవాలి. ఈ పని చేయకుండా ఏళ్లు గడిపేసినవారిలోనే జబ్బు గజ్జల్లోని గ్రంథుల దాకా పాకుతుంది.

బయటి కారణాల సంగతి ఇలా ఉండగా, కొన్ని కణితుల చోటును శరీరం తన పుట్టుకలోనే నిర్ణయించుకుంటుంది. భవిష్యత్తులో అండాలుగా, శుక్రకణాలుగా మారవలసిన మూలకణాలు పిండంలో మొదట అండాశయంలోనో వృషణంలోనో ఉండవు. అవి పిండానికి వెలుపల పచ్చసొన సంచి గోడలో కనిపించి, తొలి వారాలలో పేగు వెనుకభాగం మీదుగా నడిచి తమ స్థానానికి చేరతాయి. ఆ ప్రయాణం శరీరపు నడిమి గీత వెంట సాగుతుంది. దారిలో ఆగిపోయిన కణాలలో చాలావరకు చనిపోతాయి. చావకుండా మిగిలినవి తరువాతెప్పుడో కణితులు కావచ్చునన్నది వైద్యశాస్త్రంలో చాలాకాలంగా ఉన్న వివరణ. వృషణంలో పుట్టవలసిన రకం కణితి ఛాతీ మధ్యలోనో, మెదడులోని పీనియల్ గ్రంథి దగ్గరో కనిపించినప్పుడు, అవి రెండూ నడిమి గీత మీదే ఉండడం ఈ వివరణకు బలం. ఈ సంగతి తెలిసిన వైద్యుడు, ఛాతీ మధ్యలో పెద్ద గడ్డతో వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడికి కొన్ని ప్రత్యేక రక్తపరీక్షలు వెంటనే చేయిస్తాడు. ఆ రకం కణితులలో చాలావాటికి కీమోథెరపీ బాగా పనిచేస్తుంది కాబట్టి, ఆలోచన అటు వెళ్లడానికీ వెళ్లకపోవడానికీ మధ్య ఉన్న తేడా ఒక ప్రాణం కావచ్చు.

అప్పుడే పుట్టిన శిశువుకు తోక ఎముక కొస దగ్గర కనిపించే టెరటోమా కూడా ఇలా పిండదశకు సంబంధించినదే. సుమారు 35,000 నుంచి 40,000 జననాలకు ఒకటి చొప్పున వస్తుంది, ఆడశిశువులలో మగశిశువులకంటే చాలా ఎక్కువ. ఆ కణితిలో వెంట్రుకలు, ఎముక ముక్కలు, పళ్లు, పేగు పొర వంటివి కూడా ఉండవచ్చు. దాన్ని చూసి తల్లిని ఏదో ఒక అపరాధానికి బాధ్యురాలిని చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గర్భిణి గ్రహణం చూడడానికీ, ఆమె తిన్న తిండికీ, చేసిన పనికీ దీనితో ఏ సంబంధమూ లేదు. పుట్టగానే గుర్తించి, కణితితో పాటు తోక ఎముకను కూడా తొలగిస్తే ఎక్కువమంది పిల్లలు మామూలుగా పెరుగుతారు. ఎముకను వదిలేస్తే కణితి మళ్లీ వచ్చే ముప్పు బాగా పెరుగుతుంది. వెన్నెముకకు పిండదశలో ఆధారంగా ఉండి తరువాత అణగిపోయే దండం అవశేషాల నుంచి పుట్టే కోర్డోమా కూడా ఇలాంటిదే. అది పుర్రె అడుగున, లేదా వెన్ను చివరన త్రికాస్థిలో, అంటే ఆ దండపు రెండు కొసల దగ్గరే ఎక్కువగా పుడుతుంది. ఏడాదికి పది లక్షల మందిలో దాదాపు ఒకరికే వస్తుంది కనుక దాన్ని నడుం నొప్పి అనుకుని ఏళ్లు గడపడం మామూలు.

చోటు ఎంత మోసం చేయగలదో అన్నిటికంటే బాగా చూపించే జబ్బు మరొకటి ఉంది. మనిషికి ఒళ్లంతా ఎముకల నొప్పులు మొదలవుతాయి. మెట్లు ఎక్కలేడు, పీట మీద నుంచి లేవలేడు, నడక బాతు నడకలా మారుతుంది. పక్కటెముకలు, తుంటి ఎముకలు దెబ్బ తగలకుండానే బీటలు వారతాయి. మనిషి పొట్టి అయిపోతాడు. కాల్షియం మామూలుగా ఉంటుంది, విటమిన్ డి సూదిమందు వేయించుకున్నా ఫలితం ఉండదు. కీళ్లవాతమని కొన్నాళ్లు, వెన్ను జబ్బని కొన్నాళ్లు, చివరికి మనసుకు సంబంధించిన బాధ అని కొన్నాళ్లు మందులు వాడతాడు. అసలు కారణం అరికాలిలోనో, తొడ కండరంలోనో, దవడలోనో, ముక్కు పక్క గాలి గదిలోనో దాగిన ఒక చిన్న కణితి. ఒక్కోసారి అది ఒక సెంటీమీటరు కూడా ఉండదు, చాలావరకు ప్రాణాంతకమైన రకమూ కాదు. కాని అది ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోనును అదుపు లేకుండా తయారుచేస్తుంది. ఆ హార్మోను మూత్రపిండాల చేత రక్తంలోని ఫాస్ఫేటును బయటికి పారబోయిస్తుంది, విటమిన్ డి పనిచేసే రూపానికి మారకుండా అడ్డుకుంటుంది. ఫాస్ఫేటు లేక ఎముక గట్టిపడదు. జబ్బు కనిపించేది ఒంట్లోని ఎముకలన్నిటిలో, దాని మూలం ఉండేది ఎవరూ చూడని ఒక మూల.

ట్యూమర్ ఇండ్యూస్డ్ ఆస్టియోమలేసియా, అంటే కణితి వల్ల ఎముకలు మెత్తబడడం, అని పిలిచే ఈ జబ్బు చరిత్ర కూడా చోటును చదవలేకపోవడం గురించే. 1947లో బ్రిటిష్ వైద్యుడు మెకాన్స్ వర్ణించిన ఒక రోగికి తొడ ఎముకలోని కణితిని తీసేశాక జబ్బు నయమైంది. అయితే ఆ రెంటికీ ఉన్న సంబంధాన్ని ఆయన గుర్తించలేదు. 1959లో స్విట్జర్లాండ్ వైద్యుడు ప్రాడర్, పక్కటెముక మీది గడ్డ తొలగించగానే ఎముకల జబ్బు తగ్గిన ఒక బాలిక కేసులో, ఆ గడ్డే ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదులుతూ ఉండాలని ఊహించాడు. ఆ పదార్థం ఎఫ్‌జీఎఫ్-23 అని 2001లో తేలింది. ఇప్పుడు రోగనిర్ధారణకు మొదటి మెట్టు చాలా చవకైనది: రక్తంలో ఫాస్ఫరస్ పరీక్ష. ఎముకల నొప్పులతో వచ్చిన వ్యక్తికి కాల్షియం, విటమిన్ డి చూసి ఫాస్ఫరస్ చూడకపోవడం మన ప్రయోగశాల ప్యాకేజీల్లో తరచు జరిగే లోపం. అది తక్కువగా ఉంటే, మూత్రంలో ఎంత పోతున్నదో లెక్కగట్టి, తరువాత కణితి కోసం వెతకాలి. గాలియం-68 వాడే ఒక ప్రత్యేక పెట్ స్కాన్ ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. అయితే కేన్సరు కోసం మామూలుగా తీసే పెట్ స్కాన్ పుర్రె అడుగు నుంచి తొడల మధ్య వరకే తీయడం పరిపాటి. ఈ కణితులు ఎక్కువగా దాక్కునేది కాళ్లలో, తలలో. అందుకే నడినెత్తి నుంచి కాలి వేళ్ల దాకా తీయమని చీటీ మీద స్పష్టంగా రాయకపోతే, అంత ఖరీదైన పరీక్ష కూడా ఏమీ లేదని చెప్పి పంపేస్తుంది. కణితి దొరికి పూర్తిగా తీసేస్తే ఫాస్ఫేటు కొద్ది రోజుల్లోనే మామూలు స్థాయికి వస్తుంది, కొన్ని నెలల్లో మనిషి లేచి నడుస్తాడు. వైద్యంలో ఇంత పూర్తిగా కోలుకునే సందర్భాలు ఎక్కువ ఉండవు. కణితి దొరకనివారికి, తీయడం కుదరనివారికి ఆ హార్మోనును అడ్డుకునే బురోసుమాబ్ అనే మందును అమెరికా 2020లో అనుమతించింది. దాని ధర మాత్రం సామాన్యులకు అందేది కాదు.

మూత్రాశయం గోడలో పుట్టే పారాగాంగ్లియోమా అనే కణితిది కూడా ఇలాంటి తీరే. మూత్రాశయం ముడుచుకున్నప్పుడల్లా అది అడ్రినలిన్ జాతి హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. మూత్రవిసర్జన సమయంలో గుండె దడ, తలనొప్పి, చెమట, ఒక్కోసారి స్పృహ తప్పడం దీని లక్షణాలు. సంకోచంతో రోగి ఈ సంగతి చెప్పడు, చెప్పినా బలహీనత అని కొట్టిపారేయడం జరుగుతుంది.

గోరు కింది కణితులకు వస్తే, రెండు పూర్తిగా భిన్నమైన జబ్బులు అక్కడ ఎదురవుతాయి, రెండూ ఆలస్యంగానే బయటపడతాయి. ఒకటి గ్లోమస్ కణితి. వేళ్ల కొసలలో చర్మపు వేడిని సర్దే చిన్న రక్తనాళపు ముడులు దట్టంగా ఉంటాయి, ఈ కణితి వాటినుంచే పుడుతుంది. కాబట్టి గోరు కింద అది పుట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు. కొన్ని మిల్లీమీటర్ల పరిమాణం, పైకి చూస్తే ఒక్కోసారి గోటి మీద లేత నీలి ఛాయ తప్ప ఏమీ ఉండదు. నొప్పి మాత్రం మనిషిని ఏడిపిస్తుంది, చల్లనీళ్లు తగిలితే ఓర్చుకోలేనంతగా పెరుగుతుంది. గుండుసూది తలతో గోటి మీద అక్కడక్కడా నొక్కి చూస్తే ఒకే ఒక్క చుక్క దగ్గర రోగి ఉలిక్కిపడతాడు. చేతికి రక్తపోటు పట్టీ బిగించి రక్తప్రసరణ ఆపితే ఆ నొప్పి మాయమవుతుంది. ఖర్చు లేని ఈ రెండు పరీక్షలూ పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో కూడా చేయవచ్చు. కణితిని పూర్తిగా తీసేస్తే నొప్పి పోతుంది. చేతులు నీళ్లలో పెట్టకుండా రోజు గడవని గృహిణి, చాకలి, చేపలు శుభ్రం చేసే స్త్రీ ఈ నొప్పిని ఏళ్ల తరబడి మోస్తూ, ఎవరికీ ఏమీ కనిపించక, నటిస్తున్నదన్న మాట పడడం అన్యాయం.

రెండోది మెలనోమా, దీనికి నొప్పి ఉండదు. తెల్లచర్మం వారికి ఎండ వల్ల వీపు మీదో కాళ్ల మీదో వచ్చే చర్మ కేన్సరుగా అది ప్రసిద్ధి. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఆ రకం చాలా తక్కువ, వారికి వచ్చే కొద్దిపాటి మెలనోమాలలో పెద్ద భాగం ఎండ తగలని అరికాలి మీద, అరచేతిలో, గోళ్ల కింద వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద 1977లో బయటపడింది ఇదే. దాన్ని మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. వ్యాధి ఒళ్లంతా వ్యాపించి ఆయన 1981 మే 11న, 36 ఏళ్ల వయసులో మరణించాడు. గోటి మీద నిలువుగా నల్లచార కనిపిస్తే అది మెలనోమా అనుకోవలసిన పని లేదు, ముదురు చర్మం వారిలో అనేక గోళ్ల మీద అలాంటి చారలు మామూలుగానే ఉంటాయి. ఒకే గోటి మీద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న చార, గోరు పక్కనున్న చర్మం మీదికి పాకిన నలుపు, గోరు చీలిపోవడం, దెబ్బ తగిలిన రక్తపు మచ్చ అనుకున్నది గోరు పెరిగేకొద్దీ ముందుకు జరగకుండా అక్కడే ఉండడం మాత్రం అనుమానించవలసిన గుర్తులు. అరికాలి విషయంలో మరో చిక్కు ఉంది. కొన్ని మెలనోమాలకు నల్లరంగే ఉండదు, ఎర్రటి పుండులా కనిపిస్తాయి. చక్కెర వ్యాధి ఉన్న మనిషి మడమ మీద పుండు ఉంటే అందరి చూపూ చక్కెర మీదికే పోతుంది. సరైన చికిత్స జరిగినా మానని అరికాలి పుండు అంచు నుంచి ఒక ముక్క తీసి పరీక్షకు పంపడం పెద్ద పనేమీ కాదు. ఆ పని జరగనందువల్ల కాలు తీసేశాక గాని కేన్సరు సంగతి తెలియని సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఎక్కడినుంచో వచ్చి చేరిన కణితుల్లో అందరూ తెలుసుకోవలసినది బొడ్డులో కనిపించే గట్టి బుడిపె. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్ నగరంలో, శస్త్రచికిత్సకు ముందు రోగుల పొట్టలు శుభ్రం చేసే నర్సు సిస్టర్ మేరీ జోసెఫ్, బొడ్డులో బుడిపె ఉన్నవారికి పొట్ట తెరిచి చూస్తే కేన్సరు అప్పటికే లోపలంతా పాకి ఉంటున్నదని గమనించి డాక్టర్ విలియం మేయోకు చెప్పింది. ఆయన 1928లో దీన్ని ప్రస్తావించాడు. 1949లో ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు హామిల్టన్ బెయిలీ దానికి ఆమె పేరే పెట్టాడు. జీర్ణాశయం, అండాశయం, పెద్దపేగు, క్లోమం కేన్సర్లు ఇలా బొడ్డు దాకా వస్తాయి. పెద్ద చదువుల వైద్యుల కంటే ముందు, రోజూ చేతితో తాకి చూసే మనిషికి ఇది తెలిసిందన్న విషయం గుర్తుంచుకోదగినది. మన ఆసుపత్రుల్లో కూడా డ్రెస్సింగ్ చేసే నర్సు, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త చెప్పేదాన్ని వైద్యులు శ్రద్ధగా వినాలి. వేలి కొసకు వ్యాపించిన ఊపిరితిత్తి కేన్సరు అచ్చం గోరుచుట్టులా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వాడినా తగ్గని గోరుచుట్టు వెనుక, పొగతాగే వ్యక్తిలో, ఛాతీ ఎక్స్‌రే తీయించవలసిన కారణం ఉండవచ్చు.

ఇన్ని రకాల జబ్బుల్లోనూ జరిగే నష్టం చాలావరకు ఒకే చోట జరుగుతుంది: గడ్డ ఏమిటో తెలియకముందే దాన్ని కోసి తీసేసే చిన్న ఆపరేషన్ గదిలో. తొడ మీదో భుజం మీదో ఉన్న గడ్డను కొవ్వుగడ్డ అనుకుని స్థానిక మత్తు ఇచ్చి తీసేస్తారు, తీసిన ముక్కను చెత్తబుట్టలో వేస్తారు. అది సార్కోమా (కండరం, కొవ్వు, ఎముక వంటివాటిలో పుట్టే కేన్సరు) అయితే, కోతతో పాటు కేన్సరు కణాలు చుట్టూ ఉన్న కండరంలోకి చెదిరిపోతాయి. రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటే ఎన్నో రెట్లు పెద్దదవుతుంది, కొన్నిసార్లు అవయవమే పోతుంది. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతుగా కండరానికి అతుక్కుని ఉన్న గడ్డ, నెలల్లో పెరుగుతున్న గడ్డ, ఒకసారి తీశాక మళ్లీ వచ్చిన గడ్డ ఏదైనా సరే ముందు ఎంఆర్ఐ, తరువాత సూదితో ముక్క పరీక్ష, ఆ తరువాతే కోత అన్న వరుస తప్పకూడదు. సూది గుచ్చే చోటును కూడా ఆపరేషన్ చేయబోయే వైద్యుడే నిర్ణయించాలి, ఆ దారిని కూడా తరువాత కోసి తీయవలసి ఉంటుంది కాబట్టి. సూది గుచ్చితే కేన్సరు పాకిపోతుందన్న భయం జనంలో బలంగా ఉంది. సరైన చోట, సరైన పద్ధతిలో చేసిన ముక్క పరీక్షతో జరిగే నష్టం దాదాపు ఉండదు. పరీక్ష లేకుండా చేసిన కోతతో జరిగే నష్టాన్ని మాత్రం సార్కోమా వైద్యులు తరచు చూస్తూనే ఉంటారు.

అరుదైన కణితుల గురించి తెలిసినదంతా ఒక్కొక్క కేసును పేర్చుకుంటూ వచ్చిందే. వేలమందిని రెండు గుంపులు చేసి మందులు పరీక్షించడం వీటిలో కుదరదు. అందువల్ల రోగనిదాన నిపుణుడి చేతికి వెళ్లే చీటీలో ఏం రాశారన్నది ఎంతో ముఖ్యం. చాలా చీటీలలో గడ్డ అన్న ఒక్క మాట, వయసు తప్ప ఏమీ ఉండదు. గడ్డ శరీరంలో సరిగ్గా ఎక్కడ ఉంది, చర్మంలోనా లోతులోనా, ఎన్నాళ్లుగా ఉంది, రోగి చేసే పనేమిటి, అలవాట్లేమిటి, అక్కడ ఎప్పుడైనా కాలిందా, స్కానులో ఏం కనిపించింది అన్నవి రాస్తే సూక్ష్మదర్శిని కింద కనిపించేదానికి అర్థం ఏర్పడుతుంది. ఒకే రకంగా కనిపించే కణాలు ఎముకలో ఉంటే ఒక జబ్బు, చర్మంలో ఉంటే మరో జబ్బు. తీసిన ముక్కను ఉప్పునీటిలో కాకుండా ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండేలా పోసి పంపాలి. లేకపోతే అది కుళ్లిపోయి ఏ పరీక్షకూ పనికిరాకుండా పోతుంది.

అరుదైన పేరుతో రిపోర్టు వచ్చినప్పుడు రెండో అభిప్రాయం తీసుకోవడం మొదటి వైద్యుడి మీద అపనమ్మకం కాదు, ఆ కణితులను రోజూ చూసే నిపుణులు దేశంలో కొద్దిమందే ఉంటారు. ఇందుకోసం రోగిని మళ్లీ కోయనవసరం లేదు. ముక్కను మైనంలో పొదిగిన దిమ్మెలనూ, వాటి నుంచి కోసిన గాజు పలకలనూ ప్రయోగశాలలు భద్రపరుస్తాయి. రసీదు మీద సంతకం చేసి రోగి కుటుంబం వాటిని అడిగి తీసుకోవచ్చు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రికో, విశాఖపట్నంలోని హోమీ బాబా కేన్సర్ ఆసుపత్రికో, ముంబయి టాటా మెమోరియల్‌కో వెళ్లేటప్పుడు స్కాన్ ఫిల్ములతో పాటు ఆ దిమ్మెలను కూడా వెంట తీసుకెళ్తే, కోల్పోయే వారాలు తగ్గుతాయి.